నాలుగు భుజాల పాఠం

మా నలుగురి ఎత్తులూ కలవలేదు. మొదటి చిక్కు అదే. నేను పొట్టిదాన్ని. కాంపౌండర్ చదువుకు వచ్చిన భాయి గడప దగ్గర తల వంచి రావలసినంత పొడుగు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ శిక్షణకు ఇచ్చోడ ఊరి నుంచి వచ్చినందుకు మేము ఇచ్చోడ అన్న అని పిలిచే అతను పొడుగూ కాదు, పొట్టీ కాదు, అడ్డంగా పెరిగిన మనిషి. పల్లె ఆస్పత్రి చూసి రమ్మని హైదరాబాదు నుంచి పంపిన డాక్టరు విద్యార్థి గట్టిగా గాలి వీస్తే ఊగేటంత సన్నం. మమ్మల్ని నాలుగు మూలలా నిలబెట్టి, నడుమ కాన్వాసు స్ట్రెచర్ పెట్టి, మా పెద్ద డాక్టరు "ఎత్తుండ్రి" అన్నారు. ఎత్తాం. దాని మీద రోగిలా పడుకున్న ఆస్పత్రి జవాను జారి నా కాళ్ళ మీద పడ్డాడు.

"నన్ను మంచిగ మోసుడు నేర్చుకునేదాక రోగుల జోలికి పోకుండ్రి" అన్నాడు నడుము రుద్దుకుంటూ.

నేర్చుకున్నాం. భాయి మోకాళ్ళు కొంచెం వంచి నడవడం, నేను భుజం మీద గుడ్డ చుట్ట పెట్టుకోవడం, ఇచ్చోడ అన్న గొంతెత్తి అడుగులు కలిపించడం అలవాటయ్యాయి. ఊళ్ళో సందులు ఇరుకు, నేలంతా రాళ్ళు, చేతుల్లో పట్టుకుంటే ఒరుగుతుంది కాబట్టి భుజాల మీదే మోయాలని పెద్ద డాక్టరు పట్టు. కొన్నాళ్ళకు స్ట్రెచర్ మీద నీళ్ళ గిన్నె పెట్టినా తొణకకుండా ఆస్పత్రి ఆవరణ చుట్టి వచ్చేవాళ్ళం. కలిసి నేర్చుకున్న పాఠాలన్నిటిలో మా నలుగురికీ సమానంగా వచ్చింది అదొక్కటే. రాకపోయినా బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్ళే అయింది. మాది గోదావరికి దగ్గరగా, చెన్నూరుకు ఒక బస్సు దూరంలో ఉన్న చిన్న ఆస్పత్రి. ఊరి పేరు చెప్పను. నేను చెప్పబోయేవాళ్ళ మనవలు ఇంకా ఆ ఊళ్ళోనే ఉండి ఉంటారు. నేను కరీంనగర్ నేతవాడలో పుట్టి, కాన్పులు చేసే చదువు కోసం అక్కడికి వెళ్ళాను. "మంత్రసాని పనికి గూడ చదువా?" అని మా చుట్టాలు నవ్వారు. మా బాపు మగ్గం గుంటలోంచి తల ఎత్తకుండానే "అయితే మీ కోడండ్ల కాన్పులకు మా బిడ్డను పిలవకుండ్రి" అన్నాడు. నా నోటి దురుసు ఎక్కడి నుంచి వచ్చిందో దీన్నిబట్టి మీకే తెలుస్తుంది.

ఆ రోజుల్లో ఆస్పత్రిలో ఎవరికి వారే యమునా తీరే. డాక్టరు కాంపౌండర్‌తో మాట్లాడేది మందు చీటీ మీద. కాంపౌండర్ నర్సుతో మాట్లాడేది మందుల కిటికీలోంచి. శానిటరీ వాళ్ళతో ఎవరూ మాట్లాడరు, మోరీ కంపు కొడితే తిడతారు అంతే. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్న మా పెద్ద డాక్టరుకు ఈ పద్ధతి బొత్తిగా గిట్టదు. శనివారం మధ్యాహ్నం రోగులు వెళ్ళిపోయాక వరండాలో పెద్ద చాప పరిపించి, మా నలుగురినీ దాని చుట్టూ కూర్చోబెట్టేవారు. వారమంతా ఇళ్ళలో, కిటికీ దగ్గర, బావుల దగ్గర ఎవరికి ఏం తెలిసిందో అది చాప మీద పెట్టాలి. "అది నా పని కాదు" అనే మాట అక్కడ అనకూడదు. డాక్టరు కాబోయేవాడు అందరికంటే చివర మాట్లాడాలి. ఈ చివరి షరతుకు అతను మొదటి వారం మొహం మాడ్చుకున్నాడు. రెండో వారం నుంచి చెవులు ఇటే పెట్టుకుని కూర్చునేవాడు.

ఒకరి పని ఒకరు చేసి చూడాలి కూడా. డాక్టరు విద్యార్థి చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి, ఇచ్చోడ అన్న వెంట మోరీల్లో మందు కొట్టాడు. నేను భాయి దగ్గర మిక్స్చర్లు కలపడం, రోగి తెచ్చుకున్న సీసాకు మోతాదు తెలిసేలా కాగితం కత్తిరించి అంటించడం నేర్చుకున్నాను. పసిబిడ్డకు నీళ్ళు పోయడం నేర్పాలని గుడ్డబొమ్మకు సబ్బు రాసి ఇచ్చోడ అన్న చేతిలో పెట్టాను. అది జారి బకెట్లో పడింది.

"అరే బాబా, ఇది పోరనా, చేపనా?" అన్నాడు. అతనిది మరాఠీ కలిసిన మాట.

"అన్నా, జర పెండ్లి చేసుకోకు. పిల్లలు బతికిపోతరు" అన్నాడు భాయి.

భాయికి చదువంతా ఉర్దూలో, డాక్టరు విద్యార్థికి ఇంగ్లీషులో, నాకు తెలుగులో. చాప మీద మాత్రం ఒకరి మాట ఒకరికి అర్థం కాని రోజు లేదు. నా జీవితంలో అంత సంతోషంగా చదువుకున్న కాలం ఇంకొకటి లేదు. అది ముందే చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతి వల్ల ఆ చాప మీద మీకు అన్యాయంగా కోపం వస్తుంది.

ఆ ఊరి నేతవాడలో ఒకామెకు నెలలు నిండుతున్నాయి. భర్త బొంబాయి పక్క భీవండిలో మగ్గాల మీద పనికి వెళ్ళాడు. ఇంట్లో ఆమె, అత్త. అంతకు ముందు రెండు కాన్పులు పోయాయి. ఒక బిడ్డ పుడుతూనే పోయింది, ఇంకో బిడ్డ పురుడు తీరకముందే పోయింది. అత్త మూడోసారి మంత్రసాని మీద నమ్మకం పెట్టుకోలేక, ఆస్పత్రి మీద నమ్మకం కుదరక ఊగిసలాడుతోంది. నేను నేతవాళ్ళ పిల్లనని తెలిసిన రోజున మాత్రం పీట వేసి కూర్చోబెట్టింది. నేను నూలు కండె చుట్టడానికి చెయ్యి వేస్తే, "గీ పిల్లకు పని వచ్చు" అంది కోడలితో. ఆ ఒక్క మాటతో ఆ ఇంట్లో నాకు గడప తెరుచుకుంది.

ఆమె నాకంటే చిన్నది. నన్ను అక్కా అనేది.

"కాన్పుకు నీ దగ్గరికే వస్త అక్కా. నువ్వుంటవు గద?" అని అడిగింది ఒకరోజు.

"ఉంట చెల్లె. ఫికర్ పడకు. గీసారి నీ బిడ్డ నీ ఒళ్ళనే ఉంటది" అన్నాను.

ఆ వారంలోనే వానలు పట్టుకున్నాయి. నేను వెళ్ళేసరికి ఆమె కాలి మట్టెలు వేళ్ళలోకి దిగిపోయి ఉన్నాయి. పాదాలు వాచాయి. పద్ధతి ప్రకారం ఒంటేలు సీసాలో పట్టించుకుని తెచ్చి భాయికి ఇచ్చాను. శనివారం వచ్చింది, చాప పరిచారు.

నేను కాళ్ళ వాపు సంగతి పెట్టాను. అది ఏ ఇల్లని భాయి అడిగాడు. చెప్పాను. "గా అమ్మనే కిటికీ దగ్గరికి వచ్చి తలనొప్పి గోలి అడిగింది. రెండుసార్లు వచ్చింది" అన్నాడు. ఇచ్చోడ అన్న సర్దుకుని కూర్చున్నాడు. "నేను బావిల మందు కలుపుతుంటే గామె బిందె ఎత్తలేక గట్టు మీద కూలబడ్డది. కండ్లు మూసుకున్నది. ఎండ తాకిందేమో అనుకున్న." డాక్టరు విద్యార్థి తన వంతు కోసం ఆగలేకపోయాడు. ఆమె ఒకసారి అతనితో, మగ్గం మీద పోగులు మెరుపుల్లా కదులుతున్నాయని, కళ్ళజోడు కావాలేమోనని అందట. భాయి లేచి వెళ్ళి నేను తెచ్చిన సీసాలోది గాజు గొట్టంలో పోసి దీపం మీద కాచాడు. తెల్లగా విరిగిపోయింది.

ఫిట్స్ వచ్చే ముందు కనిపించే గుర్తులన్నీ అవి. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ముక్క ఉంది. చాప మీద అన్నీ అతుక్కున్నాయి. విడివిడిగా అయితే ఎవరికీ తెలిసేది కాదు. పెద్ద డాక్టరు కళ్ళు తడిశాయి. "షాబాష్. గిదే, నేను గిన్ని దినాలు చెప్తున్నది" అన్నారు. మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిందన్న భయం, దాన్ని మేమే కనిపెట్టామన్న గర్వం, రెండూ కలిసి మమ్మల్ని కుదురుగా నిలబడనివ్వలేదు.

"ఇప్పుడే పోయి తీసుకరండ్రి. ఒక్క అడుగు గూడ నడవనియ్యకుండ్రి" అన్నారు పెద్ద డాక్టరు. లోపల పాము కరిచిన రోగి ఉండడంతో ఆయన కదలలేకపోయారు.

నడవకూడదంటే స్ట్రెచర్ కావాలి. మోయడానికి నలుగురం ఉన్నాం. ఎవరి పనిలో వాళ్ళు ఏమీ తక్కువ చేయలేదు. ఇచ్చోడ అన్న తానే ఉతికి ఆరేసిన తెల్ల దుప్పటి తెచ్చి స్ట్రెచర్ మీద ముడత లేకుండా పరిచాడు. గాలికి ఎగరకుండా భాయి దాని నాలుగు కొసలూ కర్రలకు కట్టాడు. జవాను ముందు నడుస్తూ "జరుగుండ్రి, జరుగుండ్రి" అని దారి చేశాడు. నలుగురం భుజాలకెత్తుకుని, నేర్చుకున్నట్టే అడుగులు కలిపి నేతవాడలోకి వెళ్ళాం. ఒక్కరి అడుగు తప్పలేదు.

మేము వెళ్తుంటే వాడలో మగ్గాల చప్పుడు ఒకటొకటిగా ఆగింది. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. ఒక ఇంటి ముందు బాలింత బిడ్డను కొంగులో చుట్టుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది. మమ్మల్ని చూసి గౌరవిస్తున్నారనుకున్నాం. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి.

ఆమె గుమ్మంలోనే కూర్చుని బియ్యం ఏరుతోంది. నన్ను చూసి నవ్వబోయింది. లోపలి నుంచి వచ్చిన అత్త మా భుజాల వైపు చూసింది, తెల్ల దుప్పటి వైపు చూసింది, కోడలి రెక్క పట్టుకుని లోపలికి తోసి తలుపు వేసింది. చేట బోర్లాపడి బియ్యం గుమ్మం నిండా పడ్డాయి.

"నా కోడలు బతికే ఉన్నది! ఎవని కోసం వచ్చిండ్రు మీరు? పొండ్రి! మా వాకిట్ల నిలబడకుండ్రి!" లోపలి నుంచి అరుస్తోంది అత్త.

డాక్టరు విద్యార్థి తలుపు దగ్గరికి వెళ్ళి జబ్బు సంగతి చెప్పసాగాడు. మంచిగానే చెప్పాడు, భయపెట్టకుండా, పెద్ద మాటలు వాడకుండా. భాయి చెప్పాడు. ఇచ్చోడ అన్న చేతులు జోడించి చెప్పాడు. నేను కూడా తలుపు కొట్టి "అవ్వా, నేను అవ్వా" అన్నాను. నలుగురి గొంతులూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. లోపలి నుంచి "అక్కా" అని ఒక్కసారి వినిపించింది. తర్వాత అత్త ఏడుపు తప్ప ఏమీ వినిపించలేదు. వాడలో మగవాళ్ళు చుట్టూ చేరి, "ఇగ పోండ్రయ్యా, ముసలమ్మ పరేషాన్‌ల ఉన్నది, రేపు రండ్రి" అన్నారు. ఖాళీ స్ట్రెచర్ మళ్ళీ భుజాలకెత్తుకున్నాం.

మేము ఖాళీగా రావడం చూసి పెద్ద డాక్టరు ఏం జరిగిందని అడిగారు. చెప్పాం. ఆయన స్ట్రెచర్ దగ్గరికి వచ్చి దుప్పటి కొస పట్టుకుని చూశారు.

"తెల్లబట్ట ఎవరు పరిచిండ్రు?"

"నేనే సాబ్. సాఫ్‌గ ఉన్నదే తీసిన" అన్నాడు ఇచ్చోడ అన్న.

"మంచిగనే చేసినవు బిడ్డా. నలుగురు భుజం మీద మోసుడు నేర్పినోన్ని నేను. గలతీ నాది" అన్నారాయన. అని చాప మీద కూలబడ్డారు.

అప్పుడు అర్థమైంది మాకు. భాయి మెల్లగా "మా ముసల్మానులల్ల గూడ శవాన్ని నలుగురే ఎత్తుకుంటరు" అన్నాడు. పాడె వాడలోకి వస్తే కడుపుతో ఉన్నవాళ్ళను లోపలికి పంపి తలుపు వేయడం నేను చిన్నప్పటి నుంచి చూసిందే. మా అమ్మ నా తమ్ముడిని కడుపున మోస్తున్నప్పుడు తలుపు మూసింది నేనే. ఒకరికి తెలిసింది ఇంకొకరికి నేర్పడానికి ఆ చాప వేశారు. ఎవరూ ఎవరికీ నేర్పనక్కర లేకుండా మా నలుగురికీ పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతి అదొక్కటే ఉంది. అది నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు.

మరునాడు పొద్దున్నే నేను వెళ్ళేసరికి ఆ ఇంటికి తాళం ఉంది. మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉండడం కిటికీలోంచి కనిపించింది. మేము వెనక్కి వెళ్ళిన కాసేపటికే అత్త కచ్చురం బండి కట్టించి, పొద్దుగూకే వేళకు కోడలిని గోదావరి దాటించి, మంథని వైపు ఉన్న తల్లిగారింటికి తీసుకుపోయిందని పక్కింటివాళ్ళు చెప్పారు. పాడె చూసిన గడపలో కాన్పు వద్దని అన్నదట.

నలుగురం రేవుకు పరుగెత్తాం. భాయి దగ్గర మందులు, డాక్టరు విద్యార్థి దగ్గర సంచి, నా దగ్గర కాన్పు సామాను. ఏది కావాలన్నా ఉంది. పైన ఎక్కడో కురిసిన వానకు రాత్రికి రాత్రి గోదావరి ఎర్రగా పొంగింది. పడవలవాళ్ళు పడవలను ఒడ్డుకు లాగి కట్టేశారు. ఇచ్చోడ అన్న వాళ్ళ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. "నిన్న పొద్దూకంగ దాటిచ్చినం సారూ. ఇప్పుడు నీళ్ళల్ల దిగితే అందరం పోతం" అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ రేవులో తెలిసింది. ఆమెకు ఏమైందో కనిపెట్టిన నలుగురం ఒక ఒడ్డున, ఆమె ఇంకో ఒడ్డున. నీళ్ళు తగ్గేదాకా రోజూ వెళ్ళి నిలబడ్డాం. తగ్గేసరికి కబురు మాకంటే ముందే దాటి వచ్చింది. ఫిట్స్ వచ్చాయట, తల్లి పోయింది, బిడ్డ బతికింది.

ఆ శనివారం కూడా చాప పరిచారు. చుట్టూ కూర్చున్నాం. పెట్టడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. డాక్టరు విద్యార్థి ఉన్నట్టుండి, "గామె మనకు నాలుగు సంగతులు నలుగురికి చెప్పింది గని, గామెకు ఏం కావాల్నో మనల ఎవ్వరన్న అడిగినమా?" అన్నాడు. అప్పటికి అతనికి మా మాట వచ్చేసింది. నాకు చెప్పింది, నువ్వుంటవు గద అని. ఆ మాట నేను చాప మీద పెట్టలేదు. అందులో రోగ లక్షణం ఏదీ లేదు మరి.

తర్వాత మా గుంపు విడిపోయింది. డాక్టరు విద్యార్థి హైదరాబాదు వెళ్ళిపోయాడు. భాయికి కరీంనగర్‌లో, ఇచ్చోడ అన్నకు ఆదిలాబాదు వైపు ఉద్యోగాలు వచ్చాయి. పెద్ద డాక్టరుకు బదిలీ అయింది. ఆయన తర్వాత వచ్చినవారు చాప చుట్టించి అటక మీద పెట్టించారు. ఎవరి పని వారు చేసుకుంటే చాలన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆ చాప లేకపోతే ఆమె జబ్బు మాకు తెలిసేదే కాదు. చాప మీద నేర్చుకున్నది తప్పని నేను ఏనాడూ అనను. జబ్బు దొరికింది మాకు. ఆమె దొరకలేదు. ఈ రెండూ వేర్వేరని మాకు నేర్పడానికి ఆమె పోవలసి వచ్చింది. దీనికి ఏడవడం తప్ప నేను చేసిందేమీ లేదు.

నా శిక్షణ ముగిసే రోజుల్లో ఒక మధ్యాహ్నం అత్త ఆస్పత్రికి వచ్చింది. పసివాళ్ళకు పాలపొడి ఇస్తారని ఎవరో చెప్పారట. కాన్పుల గది గుమ్మంలో, పాత చీర ముక్కలో చుట్టిన బిడ్డను రొమ్ముకు అదుముకుని నిలబడింది. నేను ఎదురు వెళ్ళాను. ఆమె నా మొహం చూడలేదు. నా భుజం మీదుగా వెనక్కి చూసింది, అటూ ఇటూ చూసింది.

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే అవ్వా."

అప్పుడు బిడ్డను తీసి నా చేతుల్లో పెట్టింది.

"గానాడు గిట్ల ఒక్కదానివే వస్తే, కోడలి చెయ్యి పట్టి నేనే నీ ఎంబడి తోలుతుంటి బిడ్డా" అంది.